ఆటలో అరటిపండు
(పెద్ద పిల్లలు చిన్నపిల్లలకు ఆట నేర్పే పద్ధతి: ఒక పరిశీలన)

మన తెలుగు పిల్లల నోట తరతరాలుగా వినవస్తున్న మాట ఒకటి ఉన్నది: 'ఆటలో అరటిపండు'. వీధిలో పెద్ద పిల్లలు దాగుడుమూతలో, ఏడుపెంకులాటో ఆడుకొంటుండగా ఇంటిలోని పసివాడు తానూ ఆడతానని మారాము చేస్తాడు. వానిని త్రోసివేస్తే తల్లి కేక వేస్తుంది. చేర్చుకొంటే ఆట చెడుతుంది. అందుచేత వానిని అరటిపండుగా చేర్చుకొంటారు. వాడు అందరితోపాటు పరుగెత్తుతాడు, దాగుకొంటాడు, కేరింతలు కొడతాడు. కాని పట్టుబడినా వాడు దొంగ కాడు, వాడు ఎవరినైనా పట్టుకొన్నా అది లెక్కకు రాదు. హిందీ, మరాఠీ మాట్లాడే ప్రాంతాలలో ఇటువంటి పిల్లవానినే 'కచ్చా నీంబూ', అనగా పచ్చి నిమ్మకాయ అంటారు. పండు మారినది గాని పదవి మారలేదు.

ఈ పదవిలో దయ ఉన్నది. చిన్నచూపు కూడా ఉన్నది. మొదటి కొన్ని దినాలు పిల్లవానికి అది గొప్ప గౌరవంగానే తోస్తుంది. ఆరు నెలలు గడచినా తన వంతు రాకపోతే, తాను ముట్టుకొన్నవాడు ఓడినట్లు ఎవరూ ఒప్పుకోకపోతే, అదే వానికి అవమానంగా పరిణమిస్తుంది. ఎప్పుడో ఒకనాడు వానిని ఆటగానిగా లెక్కపెట్టక తప్పదు. ఆ మార్పు ఎవరి చేత, ఏ విధంగా జరుగుతుంది? ప్రశ్న పిల్లల ఆటకు సంబంధించినదే అయినా మన విద్యావిధానంలో ఒక ముఖ్యమైన విషయాన్ని తాకుతున్నది. పాఠశాలలో పై తరగతుల పిల్లలు క్రింది తరగతుల వారికి ఆటలు, కసరత్తులు నేర్పే పద్ధతిని ఈ వ్యాసంలో కొంత పరిశీలించదలచుకొన్నాము. మేము తెలుగు బోధించేవారమే గాని వ్యాయామ విద్యలో శిక్షణ పొందినవారము కాము. అయితే గత విద్యాసంవత్సరంలో మా శాఖ విద్యార్థులతో కలిసి సమీపంలోని ఒక పాఠశాలలో ఈ పనిని కొన్ని వారాలపాటు దగ్గరగా చూచే అవకాశం కలిగినది. చూచినదానికి చదివినది జోడించి వ్రాస్తున్నాము. కళాశాల కమిటీ పెద్దలకు చివర ఒక విన్నపం కూడా ఉన్నది.

గోలీలాట, బిళ్ళంగోడు, తొక్కుడుబిళ్ళ, చెమ్మచెక్క, కోతికొమ్మచ్చి: వీటిని పుస్తకం చూచి నేర్చుకొన్నవారు మనలో ఎవరూ ఉండరు. బిళ్ళంగోడు తెలంగాణ పల్లెలలో చిర్రగోనె కావచ్చు, ఉర్దూ మాట్లాడే ఇండ్లలో గిల్లీదండా కావచ్చు; కఱ్ఱతో బిళ్ళ మొనను తట్టి, అది గాలిలోకి లేవగానే కొట్టే ఒడుపు మాత్రం పదేండ్ల పిల్లవాని చేతి నుండి ఏడేండ్ల పిల్లవాని చేతికి దిగుతూ వచ్చినది. తండ్రులు నేర్పినది తక్కువ. ఇరవై యేండ్లు నిండినవాడు ఆ ఆట మానివేస్తాడు. దానిని ఇన్ని తరాలు బ్రతికించి ఉంచినవారు పది పన్నెండేండ్ల పిల్లలే.

స్విట్జర్లాండుకు చెందిన మనస్తత్వవేత్త జీన్ పియాజే ఈ సంగతిని గోలీలాటలోనే పట్టుకొన్నాడు. పిల్లల నైతిక బుద్ధిని గురించి 1932లో ప్రకటించిన గ్రంథం కోసం ఆయన జెనీవా, న్యూషాటెల్ పట్టణాల పిల్లల దగ్గరకు పోయి, తనకు గోలీలాట రాదన్నట్లు నటించి, నేర్పుమని అడిగాడు. చిన్నపిల్లలు ఆట నియమాలను పెద్దలు విధించిన మార్పులేని శాసనాలుగా భావిస్తారని, పది పదకొండేండ్లు వచ్చేసరికి అవి తమలో తాము ఒప్పుకొని ఏర్పరచుకొన్నవనీ, అందరూ సమ్మతిస్తే మార్చుకోవచ్చుననీ గ్రహిస్తారని ఆయన కనుగొన్నాడు. పెద్ద పిల్లలు చిన్నవారికి ఆట నేర్పేటపుడు ఈ రెండు దృష్టులూ మైదానంలో ఎదురెదురుగా నిలుస్తాయి. చిన్నవానికి తన ఎదుట నిలిచిన తొమ్మిదవ తరగతి పిల్లవాని మాట వేదవాక్కు. ఆ పిల్లవానికి మాత్రం తాను చెప్పేది మార్చదగిన మాట అని తెలుసు. ఈ పద్ధతిలోని బలమూ అపాయమూ రెండూ ఈ ఒక్క సంగతిలోనే ఉన్నాయని మా అభిప్రాయం.

పెద్ద విద్యార్థి చిన్న విద్యార్థికి నేర్పడం మన దేశానికి క్రొత్త కాదు. ఇంగ్లండుకు చేరి అక్కడ పేరు పొందిన ఒక పద్ధతి మన వీధిబడి అరుగు మీద పుట్టినదే. 1789లో మద్రాసు ఎగ్మూరులోని సైనికుల అనాథ బాలుర ఆశ్రమానికి ఆండ్రూ బెల్ అనే మతాచార్యుడు అధ్యక్షుడైనాడు. ఒకనాడు ఆయన ఒక వీధిబడిని దాటిపోతూ, పిల్లలు నేల మీద ఇసుక పరచుకొని వ్రేలితో అక్షరాలు దిద్దుతుండగా చూచాడు. తన ఆశ్రమంలోనూ అట్లే చేయుమని ఉపాధ్యాయునికి చెప్పగా ఆయన ఇష్టపడలేదు. అప్పుడు బెల్ ఎనిమిదేండ్ల జాన్ ఫ్రిస్కెన్ అనే సిపాయి కొడుకును పిలిచి చిన్న తరగతికి ఇసుకలో అక్షరాలు నేర్పే పని అప్పగించాడు. పెద్దవాడు కాదన్న పనిని ఎనిమిదేండ్లవాడు చేసి చూపించాడు. బెల్ ఇంగ్లండుకు తిరిగిపోయి 1797లో ఈ ప్రయోగాన్ని పుస్తకంగా అచ్చువేశాడు. మరుసటి సంవత్సరమే జోసెఫ్ లాంకాస్టర్ లండనులో అటువంటి బడి తెరిచాడు. కొన్ని దశాబ్దాలపాటు వేలాది పేదపిల్లలు ఈ విధంగానే చదువుకొన్నారు.

తెలుగు విద్యార్థులకు ఇంతకన్న ఆసక్తికరమైన సాక్ష్యం బళ్ళారిలో దొరుకుతుంది. 1816లో తెలుగు వ్యాకరణాన్ని ఇంగ్లీషులో వ్రాసి ప్రకటించిన ఏ. డి. కాంబెల్ ఆ తరువాత బళ్ళారి జిల్లా కలెక్టరుగా ఉన్నాడు. ఆనాటి బళ్ళారి జిల్లాలో ఆదోని, రాయదుర్గం వంటి తెలుగు సీమలు కూడా చేరి ఉండేవి. గవర్నరు మన్రో కోరికపై 1823లో ఆయన తన జిల్లాలోని బడులను గురించి పంపిన నివేదికలో 533 బడులు, 6,641 మంది పిల్లలు లెక్కకు వచ్చారు. పై విద్యార్థులు క్రింది విద్యార్థులకు నేర్పుతూ తమ చదువును కూడా గట్టిపరచుకొంటున్నారని, ఇంగ్లండు ఈ పద్ధతిని అనుకరించడం సముచితమేనని కాంబెల్ మెచ్చుకొన్నాడు. ఆ నివేదికలోనే ఆయన ఒక లోపం కూడా ఎత్తిచూపాడు: పిల్లలు పద్యాలెన్నో వల్లిస్తారు గాని వాని అర్థం చిలుకకు తెలిసినంతకంటె ఎక్కువ తెలియదు. ఈ రెండు వాక్యాలనూ కలిపి చదువుకోవాలని మేము మా విద్యార్థులకు తరచుగా చెబుతుంటాము. పెద్దపిల్లవాడు తనకు తెలిసిన విద్యను అందించినట్లే తన తప్పును కూడా అంతే నమ్మకంగా అందిస్తాడు. ఒకడు తప్పుగా నేర్చిన బంతి విసురు ఒక సంవత్సరంలో ముప్పైమందికి చేరుతుంది.

ఇది అక్షరాల సంగతి గదా, ఆటకు దీనితో ఏమి సంబంధం అని కొందరు అడుగవచ్చు. ఇసుకలో వ్రేలితో దిద్దడం కూడా దేహానికి చెందిన నేర్పే. కన్ను చూచినదానిని చేయి చేయడం నేర్చుకోవాలి, చేసినది చెరిపి మరల చేయాలి. మన భాషలు ఈ బంధుత్వాన్ని ఎప్పుడో గుర్తించాయి. 'తాలీమ్' అనే అరబ్బీ మాటకు విద్య నేర్పడం అని అర్థం; 'ఇల్మ్' అనే మాటకూ దీనికీ ఒకటే ధాతువు. ఉర్దూలో నేటికీ చదువును తాలీమ్ అనే అంటాము. అదే మాట తెలుగులోకి వచ్చి తాలీము అయి, కసరత్తుకు, సాముకు పేరైనది. తాలింఖానా అంటే వ్యాయామశాల. హైదరాబాదులో కుస్తీ నేర్పే చోట్లను తాలీములనే అంటారు. ఒక భాషలో బడిని, మరొక భాషలో గోదాను చూపించే ఈ మాట రెండు భాషలూ చదువుకొనే మన విద్యార్థులు ప్రత్యేకంగా గమనించదగినది.

ఇక నేటి అవసరానికి వస్తాము. అయిదు నుండి పదిహేడేండ్ల వయసు పిల్లలు దినానికి సగటున అరవై నిమిషాలకు తగ్గకుండా ఒళ్ళు అలిసే పని గాని ఆట గాని చేయాలని, వారానికి మూడు దినాలైనా కండరాలను, ఎముకలను బలపరచే కదలికలు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించినది. మన ప్రాథమిక పాఠశాలలో ఈ గంటను ఎవరు నడపాలి? 2009 నాటి విద్యాహక్కు చట్టపు అనుబంధంలో ప్రతి బడికీ ఆటస్థలం, ఆటవస్తువులు ఉండాలని ఉన్నది. ఆరు నుండి ఎనిమిది తరగతులలో నూరుమందికి మించి పిల్లలున్నచోట వ్యాయామ విద్యకు పాక్షిక కాలపు శిక్షకుడు ఉండాలని ఉన్నది. ఒకటి నుండి అయిదు తరగతులకు అటువంటి శిక్షకుని మాటే లేదు. పిల్లల దేహం నేర్పును త్వరగా పట్టుకొనే వయసు మాత్రం అదే. ఇద్దరో ముగ్గురో ఉపాధ్యాయులు అయిదు తరగతులను మోస్తున్న బడిలో ఆటల పీరియడు అంటే పిల్లలను బయటకు వదలడమే అవుతున్నది. వదిలినపుడు బలమైన పదిమంది ఆడతారు, తక్కినవారు గోడ ప్రక్కన నిలబడతారు. గోడ ప్రక్కన నిలబడినవారికి అరటిపండు పదవి కూడా దక్కదు.

ఈ పద్ధతి ఏ విధంగా చెడిపోగలదో చెప్పడానికి మా స్వంత అనుభవం ఒకటి ఉన్నది. చెప్పుకోవడానికి కొంత సిగ్గుగానే ఉన్నది. మేము ఎనిమిదవ తరగతి చదివే కాలంలో మా బడిలో డ్రిల్లు మాస్టారు దీర్ఘకాలం సెలవులో ఉన్నారు. మేము డ్రిల్లులో మొదటి వరుసలో ఉండేవారము గనుక మూడవ తరగతికి డ్రిల్లు చేయించే పని మాకు అప్పగించబడినది. చేతికి ఒక ఈల ఇచ్చారు. అంతకుమించి ఒక్క మాటయినా చెప్పినవారు లేరు. ఆ తరగతిలో ఒక పిల్లవానికి చేయీ కాలూ కలిసేవి కావు. కుడిచేయి ముందుకు వచ్చినపుడు కుడికాలే ముందుకు వచ్చేది. మేము వానిని మూడు దినాలు వరుస నుండి వెలుపలికి లాగి, అందరి ఎదుట ఒక్కనినే నడిపించాము. తక్కిన పిల్లలు నవ్వారు, వారితోపాటు మేమూ నవ్వాము. నాల్గవ దినం వాడు డ్రిల్లుకు రాలేదు, కడుపునొప్పి అన్నాడు. ఆ సంవత్సరమంతా డ్రిల్లు వేళకు వానికి కడుపునొప్పి వస్తూనే ఉన్నది. నడకలో చేయీ కాలూ ఎదురెదురుగా కదలడం మనిషికి సహజమనీ, 'నడువు' అని గట్టిగా ఆజ్ఞాపించినపుడే పిల్లలు తడబడతారనీ, నాలుగు అడుగులు మామూలుగా నడవనిచ్చి తరువాత లెక్క మొదలుపెడితే చాలుననీ మాకు చాలాకాలానికి తెలిసినది. మా చేతిలో ఈల ఉన్నది గాని ఆ చిన్న ఉపాయం లేదు.

గత సంవత్సరం చూచిన పాఠశాలలో ఉర్దూ మాధ్యమం, తెలుగు మాధ్యమం తరగతులు ఒకే ఆవరణలో ఉన్నాయి. శనివారం చివరి పీరియడులో ఎనిమిది, తొమ్మిది తరగతుల నుండి పదిమంది పిల్లలు వచ్చి రెండు, మూడు తరగతుల వారికి ఖోఖో నేర్పేటట్లు ఏర్పాటైనది. ఎన్నిక చేసుకొన్న ఆట మంచిది. దానికి రెండు గుంజలు, కొంచెం సున్నం తప్ప మరేమీ అక్కరలేదు. 1914లో పూనాలోని డెక్కన్ జింఖానా నియమాలు కూర్చిన నాటి నుండి అది బడి ఆటగానే పెరిగినది. మొదటి జాతీయ ఖోఖో పోటీలు 1959-60లో మన విజయవాడలోనే జరిగాయి. భాష చిక్కు కూడా తక్కువ. 'ఖో' అనే కేక ఉర్దూ పిల్లవానికీ తెలుగు పిల్లవానికీ ఒకటే.

ఆట తెలియనివారి కోసం రెండు మాటలు. తరుముపక్షంలో ఎనిమిదిమంది నడిమి గీత మీద ఒకరు ఇటు, ఒకరు అటు మొగం పెట్టి కూర్చుంటారు. తొమ్మిదవవాడు ప్రత్యర్థులను తరుముతాడు. వాడు నడిమి గీతను దాటరాదు. ఒక దిక్కుకు పరుగు మొదలుపెట్టిన తరువాత గుంజ చేరనిదే వెనుకకు మళ్ళరాదు. కూర్చున్నవానిని వెనుకనుండి తట్టి 'ఖో' అంటే వాడు లేచి తరుమాలి, ఇతడు ఆ చోట కూర్చోవాలి. పెద్దలకు తేలికగా తోచే ఈ నాలుగు నియమాలు ఏడేండ్ల పిల్లలకు ఒక్కసారిగా తలకెక్కవు. ఖో వినకముందే లేస్తారు, ఎదుట కనబడిన ప్రత్యర్థి మీదికి గీత దాటి ఉరుకుతారు, లేచినవాడు ఎటు పోవాలో తెలియక నిలుచుండిపోతాడు.

మొదటి శనివారం నేర్పడానికి ముందుకు వచ్చినవాడు ఆ బడిలోకెల్ల మేలైన పరుగుగాడు, తొమ్మిదవ తరగతి పిల్లవాడు. అతడు ఒకసారి ఆట ఆడి చూపించి "ఇట్లా ఆడండి" అన్నాడు. పిల్లలు నోరు తెరుచుకొని చూచారు, చప్పట్లు కొట్టారు. వారికి ఏమీ రాలేదు. మరల చూపించాడు, ఈసారి ఇంకా వేగంగా. తన కాలు గుంజ దగ్గర ఎట్లా మళ్ళుతున్నదో అడిగితే అతడు చెప్పలేకపోయాడు. అది అతని కాలికి తెలుసు, నోటికి తెలియదు. రెండవ శనివారం అతడు విసుగుపడి గోల్‌పోస్టు దగ్గర కూర్చున్నాడు.

ఆనాడు పని అందుకొన్నది ఎనిమిదవ తరగతి బాలిక. ఆమె ఖోఖో నేర్చి ఒక సంవత్సరమే అయినది. ఎక్కడెక్కడ తాను తడబడినదో ఆమెకింకా జ్ఞాపకం ఉన్నది. ఆమె పరుగును పూర్తిగా ప్రక్కకు పెట్టి, పిల్లలను గీత మీద కూర్చోబెట్టి కన్నులు మూసుకొమ్మన్నది. వెనుకగా నడుస్తూ ఒక్కొక్కరిని తట్టి ఖో అనడం, తట్టు తగిలి కేక విన్నవారు మాత్రమే లేవడం: ఆ పీరియడంతా ఇదే. కన్ను మూసుకొన్నవానికి ఎదుట పరుగెత్తేవాడు కనబడడు గనుక తొందరపడి లేవడం తగ్గినది. పిల్లలకు అదే ఒక ఆటయినది. మూడవ వారం దిక్కులు. ఏడేండ్ల పిల్లలకు కుడి ఎడమలు అప్పటికప్పుడు తోచవని ఆమెకు తెలుసు. వారిలో సగంమందికి అవి ఉర్దూలో, సగంమందికి తెలుగులో చెప్పాలి. ఆమె కుడి ఎడమలనే వదిలివేసి, "నీళ్ళ ట్యాంకు, గేటు" అన్నది. ట్యాంకు వైపు మొగం ఉన్నవాడు ట్యాంకు వైపు సగంలోనే పరుగెత్తాలి, గేటు వైపువాడు గేటు వైపు సగంలోనే. రెండు మాధ్యమాల పిల్లలకూ ట్యాంకు ట్యాంకే, గేటు గేటే. నాల్గవ వారం గుంజ దగ్గర మలుపు: గుంజను చేతితో పట్టుకొని చుట్టూ తిరగడం, మొదట నడకతో, తరువాత పరుగుతో. అయిదవ వారానికి గాని పూర్తి ఆట మొదలు కాలేదు. ఆ ఆటలో పెద్ద పిల్లలు ప్రత్యర్థులుగా నిలిచి కావాలనే నెమ్మదిగా పరుగెత్తారు.

రష్యా దేశపు మనస్తత్వవేత్త వైగోట్‌స్కీ, పిల్లవాడు ఒంటరిగా చేయగలిగినదానికీ, పెద్దవారి సాయంతోనో తనకంటె నేర్పుగల తోటివారితో కలిసియో చేయగలిగినదానికీ నడుమ ఉన్న మేరలోనే నేర్చుకోవడం జరుగుతుందని చెప్పాడు. ఆ మాట మేము బి.ఎడ్. విద్యార్థుల పుస్తకాలలో చదివి ఉన్నాము. నేర్పేవాడు ఆ మేరకు ఎంత దూరంలో ఉండాలన్నది ఆ బాలికను చూచిన తరువాతనే కొంత అర్థమైనది. మరీ దూరంగా ఉన్నవానికి తాను నడచివచ్చిన మెట్లు కనబడవు. అందుచేత చిన్నవారికి నేర్పే పిల్లలను ఎన్నుకొనేటపుడు జట్టు నాయకుని పేరు మొదట వ్రాయడం పొరపాటని మా అభిప్రాయం. ఆలస్యంగా నేర్చుకొన్నవారిని, తమ్ముళ్ళను చెల్లెళ్ళను ఎత్తుకొని పెంచినవారిని మొదట వెదకాలి. మన పిల్లలలో అటువంటివారికి కొదవ లేదు.

ఆ చిన్నపిల్లలలో రెండవ తరగతివాడు ఒకడుండేవాడు. వయసుకు తగిన ఎత్తు లేదు. వానిని గుంజ ప్రక్కన చివరి చోట కూర్చోబెట్టేవారు. ఆట జరుగుతున్నంతసేపూ వానికి ఎవరూ ఖో ఇచ్చేవారు కారు. వాడు లేస్తే తరుము మందగిస్తుందని తోటివారికి తెలుసు. వాడు మాత్రం ప్రతి పరుగుకూ మునివేళ్ళ మీద లేచి సిద్ధంగా ఉండేవాడు. ఆరవ శనివారం ఆ బాలిక తానే తరుముపక్షంలో చేరి పరుగెత్తుతూ వచ్చి వానిని తట్టి ఖో అన్నది. వాడు లేచాడు; లేచిన సంతోషంలో సరాసరి నడిమి గీతను దాటి ప్రత్యర్థి మీదికి ఉరికాడు. మైదానమంతా నవ్వు. ఆమె నవ్వలేదు. ఈల వేసి, పెద్దలకు చెప్పినట్లే "ఫౌల్" అని చేయి ఎత్తినది. ఆ పిల్లవాని మొగం వెలిగిపోయినది. ఆపా తనకు ఫౌల్ ఇచ్చినదని వాడు ఆ సాయంకాలం గేటు దగ్గర కనబడిన ప్రతివారికీ చెప్పాడు, మాకూ చెప్పాడు. అరటిపండుకు ఫౌల్ ఉండదు గదా!

ఇట్లా చెప్పినందువల్ల పని సులభమని ఎవరూ అనుకోరాదు. పెద్ద పిల్లల చేతికి చిన్నపిల్లలను అప్పగించినచోట క్రూరత్వం ఎట్లా ప్రవేశిస్తుందో చరిత్రలో తార్కాణాలున్నాయి. ఇంగ్లండులో రగ్బీ వంటి పెద్ద బడులలో పై తరగతి బాలురకు క్రింది తరగతి వారిపై అధికారం ఇచ్చి, వారిచేత ఊడిగం చేయించుకొనే ఆచారం చాలాకాలం ఉండేది. చిన్నవాని దుఃఖం అక్కడి సాహిత్యంలోకే ఎక్కినది. మన కళాశాలలలో ర్యాగింగు అదే జాతికి చెందినది. దానిని ఆపడానికి 1997లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ప్రత్యేక చట్టమే చేయవలసి వచ్చినది. వీధిబడుల సంగతిలో కూడా కాంబెల్ ఒక ఆచారాన్ని వ్రాశాడు. ఉదయం మొదట వచ్చిన పిల్లవాని అరచేతిలో సరస్వతి పేరు వ్రాసేవారు, రెండవవానికి సున్న చుట్టేవారు, మూడవవానికి ఒక దెబ్బ, నాల్గవవానికి రెండు. ఆ వరుసన చివరివానికి ఎన్ని పడేవో ఊహించుకోవచ్చు. ఆటలో వెనుకబడినవాడు అన్నిటా చివరివాడే గనుక ఇటువంటి లెక్క మైదానంలోకి రానీయరాదు.

మేము చూచిన పాఠశాలలో మొదటి దినమే కొన్ని కట్టుబాట్లు ఏర్పరచారు. నేర్పే పిల్లలకు శిక్షించే అధికారం లేదు. గుంజీళ్ళు తీయించడం, మైదానం చుట్టూ పరుగెత్తించడం కూడా లేదు. ఆరుగురు ఏడుగురు చిన్నపిల్లలకు ఒక పెద్ద పిల్ల. బేడెన్ పవెల్ 1907లో ఇరవైమంది బాలురను నాలుగు దళాలుగా విభజించి స్కౌటు ఉద్యమానికి నాంది పలికినపుడు పెట్టుకొన్న లెక్కకు ఇది దగ్గరగానే ఉన్నది; ఒక పిల్ల చూపు ఆనేది అంతమందికే. చెడుగుడు వంటి పట్టు ఆటలు పెద్దవారు చిన్నవారితో కలిసి ఆడరాదు. పద్నాలుగేండ్ల పిల్లవాని బరువు ఏడేండ్లవాని బరువుకు రెండింతలుంటుంది. కాలు పట్టి లాగితే చాలు, ఎముక విరుగుతుంది. అన్నిటికంటె ముఖ్యమైనది, ఆ పీరియడంతా ఒక ఉపాధ్యాయుడో ఉపాధ్యాయినియో మైదానంలోనే ఉండడం. పెద్ద పిల్లలు నేర్పుతున్నారు గదా అని స్టాఫు గదిలో కూర్చోవడానికి వీలులేదు. నేర్పే పని పిల్లలకు ఇవ్వవచ్చు. దెబ్బ తగిలితే జవాబు చెప్పే భారం వారి మీద పెట్టడం అన్యాయం. ఒక శనివారం ఒక చిన్నపిల్ల మోకాలు చీరుకొన్నపుడు, నేర్పుతున్న బాలుడు ఆ పిల్లకంటె ఎక్కువగా వణికిపోవడం మేము కన్నులారా చూచాము. "భాయ్ తప్పు లేదు, నేనే పడ్డాను" అని ఆ పిల్లయే అతనిని ఓదార్చవలసి వచ్చినది.

రంజాన్ మాసంలో ఈ కార్యక్రమం ఆపివేశారు. ఉపవాసం ఉన్న పెద్ద పిల్లలను ఎండలో నిలబెట్టడం తగదనీ, వారు లేకుండా చిన్నవారిని ఆడించడం ఈ పద్ధతికి అర్థమే లేకుండా చేస్తుందనీ అక్కడి ప్రధానోపాధ్యాయిని నిర్ణయించారు. బాలికల విషయంలో మరొక చిక్కు ఎదురైనది. ఇద్దరు ముగ్గురు తల్లులు తమ కూతుళ్ళు మైదానంలో పరుగెత్తడానికి మొదట ఇష్టపడలేదు. నేర్పేది బయటి మాస్టారు కాదనీ, ప్రక్క వీధి పిల్లయేననీ తెలిసిన తరువాత వారిలో ఒకరు స్వయంగా వచ్చి గోడ ప్రక్క చెట్టు క్రింద కూర్చొని చూచారు. మూడవ వారం నుండి ఆమె రావడం మానివేశారు, కూతురు మాత్రం వస్తూనే ఉన్నది. ఉపన్యాసాలతో సాధ్యం కాని పనిని ఆ ప్రక్క వీధి పిల్ల సాధించినది.

పదవ తరగతికి వచ్చే పిల్లల కాలం దీనివల్ల వ్యర్థమవుతుందని కొందరు తండ్రులు అభ్యంతరం చెప్పారు. వారానికి ఒక పీరియడు వల్ల పరీక్ష పోదని మేము చెప్పగలము గాని వాదం కంటె ఉదాహరణ మేలు. భారతదేశపు ఫుట్‌బాల్ జట్టుకు 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను ఆసియా క్రీడల స్వర్ణపతకాలు, 1956 మెల్బోర్న్ ఒలింపిక్ క్రీడలలో నాల్గవ స్థానం సాధించిపెట్టిన శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీమ్ సాహెబ్ మన హైదరాబాదువారు, వృత్తిచేత బడిపంతులు. బంతిని కాలితో ఒంటరిగా నడిపించుకొని పోరాదనే నియమంతో ఆయన పోటీలు నడిపేవారు; బలహీనమైన కాలితోనే ఆడాలనే నియమంతో మరికొన్ని. ఒక నేర్పును తక్కినవాని నుండి విడదీసి, అదొక్కటే ఆటగా మార్చి నేర్పడం బడిలో చిన్నపిల్లలకు చెప్పిన అనుభవం గలవానికి తోచే ఉపాయం. కన్నులు మూయించి ఖో నేర్పిన బాలిక ఆయన పేరు విని ఉండదు. ఆమె పట్టుకొన్న దారి మాత్రం అదే.

ఇక కమిటీ పెద్దలకు మా విన్నపం. మన కళాశాల మైదానం శనివారం మధ్యాహ్నం రెండు గంటల తరువాత ఖాళీగానే ఉంటున్నది. ఆ వేళను సమీపంలోని రెండు ప్రాథమిక పాఠశాలల పిల్లలకు ఇవ్వాలని, అందుకు రెండు జతల ఖోఖో గుంజలు, గీతలకు సున్నం, నీళ్ళ కుండలు, ఒక ప్రథమ చికిత్స పెట్టె సమకూర్చాలని కోరుతున్నాము. మైదానంలో ప్రతి వారం ఒక అధ్యాపకుడు ఉండేటట్లు పట్టిక వేస్తే మొదటి నెల మా పేరు వ్రాసుకోవచ్చును. నేర్పడానికి ఉన్నత పాఠశాల నుండి ఇప్పటికే పన్నెండుమంది పిల్లలు పేర్లు ఇచ్చారు. పట్టికలో చివరి పేరు నిరుడు విసుగుపడి గోల్‌పోస్టు దగ్గర కూర్చున్న పరుగుగానిది. ఈసారి తనను మొదటి వారమే నేర్పమనవద్దని, కొన్నాళ్ళు ఆ బాలిక ప్రక్కన నిలబడి చూస్తానని అతడు తన పేరు క్రింద వ్రాశాడు.